మ్యాచ్ రోజు బడి గురించి మేనకోడలికి

అమ్మాయీ,

మొన్న నువ్వు ఫోను చేసినప్పుడు రేవులో ఏరు దాటించే పంటు కోసం నిలబడి ఉన్నాను. ఆ గోలలో సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను, అందుకే ఇలా రాస్తున్నాను. టెన్త్ పిల్లలు నీ గదిలోకి వచ్చి "క్రికెట్ ఫైనల్ రోజు సెలవివ్వండి టీచర్" అని అడిగారని, స్టాఫులో సగం మంది ఇద్దామని, సగం మంది వద్దని అంటున్నారని చెప్పావు. హెడ్మిస్ట్రెస్‌గా నీకిది మొదటి ఏడాది. ఏం చేసినా జనం ఏదో ఒకటి అంటారనే టెన్షన్ నీ గొంతులోనే తెలిసింది.

నా మాట ముందే చెప్పేస్తాను. సెలవివ్వకు. అలాగని మ్యాచ్ వద్దనీ అనకు. పిల్లలందరినీ కూర్చోబెట్టి మ్యాచ్ బడిలోనే చూపించు.

ముప్పై ఏళ్ళకు పైగా ఈ కోనసీమ బడుల్లోనే పనిచేశాను. ఈ మాట నేను ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. 2003 ఫిబ్రవరి 15, శనివారం. దక్షిణాఫ్రికాలో ప్రపంచ కప్పు జరుగుతోంది, ఆస్ట్రేలియాతో మన మ్యాచ్. మనకి మధ్యాహ్నం మొదలు. పొద్దున ప్రార్థనలో నిలబడి "ఎవడైనా బడి ఎగ్గొడితే తోలు వలుస్తాను" అని గట్టిగా చెప్పాను. అన్నాల బెల్లు అయ్యాక తొమ్మిదో తరగతిలోకి వెళ్తే పొద్దున ఉన్న నలభై మందికి పదహారు మంది మిగిలారు. వాళ్ళలో పద్నాలుగు మంది ఆడపిల్లలే.

అటెండరుని తీసుకుని సైకిళ్ళ మీద బయల్దేరాను. కాలవ లాకుల దగ్గర టీకొట్టు ముందు చెప్పులు కుప్పగా పడున్నాయి. లోపల చిన్న టీవీ, దాని చుట్టూ పెద్దవాళ్ళు, బీడీల పొగ. మా వాళ్ళు వాళ్ళ వెనకాల గోడకి ఆనుకుని మునివేళ్ళ మీద నిలబడి చూస్తున్నారు. ఒకడు మాత్రం ముందు వరసలో బల్ల మీద కూర్చుని ఉన్నాడు. చేతిలో పెన్సిలు, సిగరెట్ పెట్టె అట్టముక్క. పెద్దవాళ్ళు కాసుకున్న పందేల లెక్క వాడు రాస్తున్నాడు. క్లాసులో లెక్కల్లో ఫస్టు వచ్చేది వాడికే, అందుకని వాణ్ణి కూర్చోబెట్టారు. నన్ను చూసి అట్టముక్క జేబులో పెట్టుకున్నాడు. ఆ అట్టముక్క ఇప్పటికీ నా కళ్ళముందు ఉంది.

ఆ రోజు మనవాళ్ళు 125కే ఆలౌటయ్యారు, తొమ్మిది వికెట్ల తేడాతో ఓడిపోయారు. సోమవారం మగపిల్లల్ని ఎండలో నిలబెట్టాను. తర్వాత ఆడపిల్లల్ని మెచ్చుకుందామని క్లాసుకి వెళ్ళి, "నేను సెలవే ఇచ్చి ఉంటే మీరేం చేసేవాళ్ళు?" అని అడిగాను. ఒక పిల్ల లేచి, "ఇంట్లోనే ఉన్నావుగా అని గేదెకి గడ్డి కోసుకు రమ్మనేవాళ్ళు మాస్టారూ. టీవీ ముందు మా అన్నయ్యా వాళ్ళే కూర్చుంటారు" అంది. అప్పటిదాకా నేను సెలవివ్వాలా వద్దా అనే ఆలోచించాను. సెలవిస్తే అది ఎవరికి దక్కుతుందో ఎప్పుడూ ఆలోచించలేదు.

ఇప్పుడు పందేలకి టీకొట్టుతో కూడా పనిలేదు, ఫోనులోనే నడుస్తున్నాయి. మ్యాచ్ రోజు పిల్లల్ని మధ్యాహ్నమే వదిలేస్తే ఎవడి చేతిలో ఎవడి ఫోను ఉంటుందో నీకు తెలియదు.

ఇంకో సంగతి. మన ప్రాంతంలో మనం ఇవ్వకపోయినా సెలవలు వస్తూనే ఉంటాయి. 2022 జులైలో గోదావరి పొంగి లంక గ్రామాల పిల్లలు రోజుల తరబడి బడి మొహం చూడలేదు. 2025 అక్టోబరు చివర్లో మొంథా తుఫానుకి మళ్ళీ మూశారు. అంతర్వేది తీర్థానికి సగం క్లాసు రాదు. విద్యాహక్కు చట్టం ఆరు నుంచి ఎనిమిది తరగతులకి ఏడాదికి 220 పని దినాలు, 1000 బోధన గంటలు ఉండాలంటుంది. రోజు పోతే తిరిగి పూడ్చుకోవడం కష్టం. రెండు గంటలైతే ఓ శనివారం పూడ్చుకోవచ్చు.

ఇక ఎలా చేయాలో రాస్తాను.

ముందుగా ఏ మ్యాచ్ అన్నది నువ్వే నిర్ణయించు. పిల్లలకి వదిలేస్తే ప్రతి వారం ఒక ఫైనలే. ఏడాదికి రెండు, మహా అయితే మూడు. క్రికెట్ ఒక్కటే చాలదు. మన అమలాపురం కుర్రాడు సాత్విక్ సాయిరాజ్ ఉన్నాడు. 2022లో బ్యాంకాక్‌లో బ్యాడ్మింటన్ థామస్ కప్పు గెలిచిన జట్టులో ఆడాడు, 2023 ఆసియా క్రీడల్లో చిరాగ్ శెట్టితో కలిసి బంగారు పతకం తెచ్చాడు. అతని తండ్రి కూడా మనలాగే బడిలో పనిచేసినవారే, వ్యాయామ ఉపాధ్యాయుడిగా. 2026 ఆసియా క్రీడలు సెప్టెంబరు 19 నుంచి జపాన్‌లో. అక్కడి గడియారం మనకన్నా మూడున్నర గంటలు ముందు కాబట్టి అక్కడి మధ్యాహ్నం, సాయంత్రం ఆటలు సరిగ్గా మన బడి వేళకే పడతాయి. 2027 అక్టోబరు, నవంబరుల్లో దక్షిణాఫ్రికా, జింబాబ్వే, నమీబియాల్లో క్రికెట్ ప్రపంచ కప్పు. అక్కడి పగటి మ్యాచులు మనకి మధ్యాహ్నం మొదలవుతాయి. వీటికి ఇప్పుడే సిద్ధంగా ఉండు. ఆడపిల్లల మ్యాచ్ ఒక్కటైనా తప్పకుండా పెట్టు. 2025 నవంబరు 2న మన అమ్మాయిలు దక్షిణాఫ్రికా మీద ప్రపంచ కప్పు గెలిచారు, జట్టులో కడప పిల్ల శ్రీచరణి ఉంది. అది ఆదివారం రాబట్టి బడులకి ఇబ్బంది రాలేదు. ప్రతిసారీ ఆదివారమే రాదుగా.

నిర్ణయించుకున్నాక ఎంఈవో (మండల విద్యాధికారి) గారికి ఒక కాగితం, తల్లిదండ్రుల కమిటీకి ఒక మాట. ఇష్టంలేని తల్లిదండ్రులు ఉంటారు. వాళ్ళ పిల్లల్ని లైబ్రరీలో ఒక టీచరు దగ్గర కూర్చోబెట్టు. వాళ్ళని ఎవరూ వెక్కిరించకుండా చూడు. పోయే పీరియడ్ల విషయం ఆ టీచర్లతో నువ్వే స్వయంగా మాట్లాడు. టైంటేబుల్లో ఎప్పుడూ సోషల్ పీరియడే నలుగుతుంది, పాపం ఆ మాస్టారు పైకి చెప్పుకోలేడు.

మొత్తం మ్యాచ్ చూపించకు, బడి వదిలే ముందు గంట, గంటన్నర చాలు. క్లాసుల్లో పెట్టిన పెద్ద డిజిటల్ ప్యానెల్ మీద చూపించవచ్చు. కరెంటు పోతే ఏం చేయాలో ముందే ఆలోచించుకో, మ్యాచ్ మధ్యలో తెర ఆరిపోతే ఆ గోల ఆపడం నీ వల్ల కాదు. భోజనం అయ్యాక ఒకసారి, చూపించడం అయ్యాక ఒకసారి హాజరు తీయి. ఆడపిల్లల్ని ముందు కూర్చోబెట్టు. నువ్వు చెప్పకపోతే ఆ ముందు బెంచీలు వాళ్ళకి రావు.

మర్నాడు దాని మీద వ్యాసం రాయమనకు. చూసింది ఆనందంగానే మిగలనీ. అడిగితే మాత్రం చెప్పు. 2000 సెప్టెంబరులో కరణం మల్లీశ్వరి సిడ్నీ ఒలింపిక్స్‌లో బరువులెత్తి కాంస్యం తెచ్చిన మర్నాడు ప్రార్థనలో పేపరు చదివి వినిపించాను. ఒకసారి 110, ఇంకోసారి 130, మొత్తం 240 కిలోలు. "అంటే ఎంత మాస్టారూ?" అన్నాడొకడు. వడ్ల బస్తా 75 కిలోలని వాళ్ళందరికీ తెలుసు. వాడే లెక్క వేసుకుని, "130 అంటే రెండు బస్తాలకి కొంచెం తక్కువ, అదీ తల మీదికి" అన్నాడు. వాళ్ళ నాన్న మిల్లులో హమాలీ. వాడు కాసేపు మాట్లాడలేదు. ఆ వేళ ఫస్టు పీరియడ్ పోయింది. దానికి నాకేమీ బాధ లేదు.

ఇంతసేపూ చూసే పిల్లల గురించి రాశాను. ఆడే పిల్లల సంగతి వేరు. వాళ్ళకి రోజులు ఇవ్వాల్సిందే. ఇది నీకు గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, ఇక్కడే నేను తప్పు చేశాను.

నా సర్వీసు చివర్లో తొమ్మిదో తరగతి పిల్ల ఒకతి కబడ్డీలో జిల్లా జట్టుకి ఎంపికైంది. స్కూల్ గేమ్స్ రాష్ట్ర పోటీలకి వెళ్ళాలి. డ్రిల్లు మాస్టారు ఆ పిల్లని పంపడానికి రిలీవింగ్ కాగితం తెచ్చారు. అవి క్వార్టర్లీ పరీక్షల రోజులు. "పరీక్షలు మానేసి ఆటలేంటండీ" అని కాగితం వెనక్కి ఇచ్చేశాను. ఆ పిల్ల వచ్చి పరీక్షలన్నీ రాసింది. సోషల్ పరీక్ష రోజు నేనే ఇన్విజిలేటరుని. అరగంటలో పేపరిచ్చేసి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కిటికీ వైపు చూస్తూ కూర్చుంది. ఏడవలేదు. ఆ తర్వాత ఆ పిల్ల ఎప్పుడూ కోర్టులో దిగలేదు. డ్రిల్లు మాస్టారు పిలిస్తే "వద్దులెండి సార్" అనేదట. క్వార్టర్లీ మార్కులు ఎవరికి గుర్తుంటాయమ్మా? నాకే గుర్తులేవు.

అలాంటి కాగితం నీ బల్ల మీదికి వచ్చినప్పుడు ముందు సంతకం పెట్టు, పరీక్షల టైంటేబుల్ తర్వాత చూడు. పేపరు వేరే రోజు పెట్టుకోవచ్చు. హాజరు పట్టీలో ఆబ్సెంట్ వేయనివ్వకు. తిరిగొచ్చాక పోయిన పాఠాలు చెప్పడానికి ఒక టీచర్ని అప్పగించు. పంపించే రోజు ప్రార్థనలో ఆ పిల్లని ముందుకి పిలిచి పేరు చెప్పు. దారి ఖర్చులకి కమిటీ దగ్గర డబ్బు లేదంటే నాకు ఫోను చెయ్యి, నా పెన్షన్ ఒకటో తారీఖున పడుతుంది.

ఆశీస్సులతో,
మావయ్య