ఒకే గాటన కట్టే ముందు

యువ మిత్రులకు, నమస్కారం.

మీ కథ అందింది. పెళ్లిచూపుల ఘట్టం బాగుంది. అయితే ఆ ఘట్టం చివర "పెద్దలు ఆమె మౌనాన్ని అంగీకారంతో సమీకరించారు" అని రాశారు చూడండి, అక్కడ నాకు చిరాకు కలిగింది, ఈ ఉత్తరం రాయిస్తున్నదీ అదే. అంతకు రెండు పేజీల ముందే ఆ పెద్దలు పెళ్లి ఖర్చులకు డబ్బు "సమీకరించారు" కనుక, పాఠకుడికి ముందుగా తట్టేది చందాల పుస్తకమే.

సమం కానిదాన్ని సమం చేయడం అన్నది "సమీకరించడం" అన్న మాటకు వ్యుత్పత్తి. సరళీకరణం, స్థిరీకరణం వంటి మాటలలోనూ అంతే, ముందు లేని స్థితిని కలిగించడమే వాటి అర్థం. ఈ అర్థాన్నిచ్చే ప్రత్యయానికి సంస్కృత వైయాకరణులు చ్వి అని పేరు పెట్టారు. గణితంలో సమీకరణం చక్కగా ఒదిగిపోయింది. పత్రికలు మాత్రం నిధుల సమీకరణ, జన సమీకరణ అంటూ దాన్ని పోగుచేయడానికి మార్చేశాయి. అది వాడుకలో స్థిరపడిపోయింది, ఇక వెనక్కి రాదు. కథకుడు ఆ సంగతి తెలిసి మసలుకోవాలి.

మరో చోట ఇదే అర్థంలో "పోల్చారు" అన్నారు. పోల్చి చూస్తే పోలికతో పాటు తేడా కూడా బయటపడుతుంది. ఆ పెద్దలు చేసింది తేడాను చెరిపేయడం. "సమానం" అన్నా కుదరదు, ఎందుకంటే ఆ మాటలో చేసినవాడు కనిపించడు. మీకు కావలసింది "ఒకే గాటన కట్టారు" అన్న పలుకుబడి. గాట అంటే పశువులను కట్టే చోటు. ఎద్దునూ దూడనూ అక్కడికి తోలుకొచ్చి, తాడు ముడివేసిన మనిషి ఆ మాటలో ఉన్నాడు, వాడి మీద మన ఫిర్యాదు కూడా ఉంది.

నా తొలి కథల్లో ఒకదానిలో "పెద్దకొడుకు చదువునూ చిన్నకొడుకు చాకిరీనీ నాన్న ఒకే గాటన కట్టాడు" అని రాస్తే, ఒక సంపాదకుడు అది మోటుగా ఉందని నన్ను అడగకుండానే "సమీకరించాడు" అని దిద్ది అచ్చువేశాడు. నాన్న ఆ రెండింటినీ ఎక్కడి నుంచి పోగుచేశాడని ఒక పాఠకుడు ఉత్తరం రాశాడు. ఆ ఉత్తరాన్ని సంపాదకుడికి పంపాను, జవాబు రాలేదు. నాగరికమైన మాటలంటే నాకు అనుమానం అప్పుడే మొదలైంది.

అసలు మీ చేతికి అందిన వస్తువును మీరే గమనించలేదు. మౌనం అర్ధాంగీకారం అంటాం. పూర్ణాంగీకారం అనలేదు ఎవరూ. సగమే ఇచ్చింది ఆ సామెత. ఆ సగాన్ని పెద్దలు నిండు చేసుకున్నారు, మిగతా సగం ఆ పిల్ల గొంతులో ఉండిపోయింది. మీ కథంతా అక్కడుంది. "సమీకరించారు" కొట్టేసి, తాంబూలాలు అందుకునే పెద్దమనిషి చేత ఆ సామెత పలికించండి, పలికేటప్పుడు "అర్ధ" అన్న రెండక్షరాలు అతని నోట్లో నలిగిపోవాలి. ఆమె వింటూ ఉండాలి.

దిద్దిన ప్రతి పంపండి.