రాయికీ ఒక ఊరుంటుంది

ధవళేశ్వరం

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నీ గేమ్ కోసం పిక్సెల్ పిక్సెల్‌గా గీసి పంపిన టైల్స్, అదే పక్కపక్కన పరిచి దృశ్యం కట్టే చిన్న చదరపు బొమ్మలు, అన్నీ చూశాను. కొబ్బరిచెట్టు, పంటకాలువ, లాకుల తలుపు బాగా కుదిరాయి. కాలువ నీళ్ల పచ్చదనంలో కాస్త మట్టి రంగు కలిపావు చూడు, గట్టు మీద కూర్చుని చూసి వేశావని అక్కడే తెలిసిపోయింది. రాళ్లు మాత్రం చూడకుండా వేశావు. ఒక బూడిద రంగు తీసుకుని, నలుపు కలిపి నీడ చేశావు, తెలుపు కలిపి వెలుగు చేశావు. అది రాయి అవలేదమ్మా, సిమెంటు ముద్ద అయింది.

ఇందులో నీ తప్పు పెద్దగా లేదు. కోనసీమలో పెరిగినవాళ్ల కాళ్ల కింద రాయి ఉండదు. ఒండ్రుమట్టి, ఇసుక, మళ్లీ ఒండ్రుమట్టి. రేవు మెట్టయినా, ఏటిగట్టుకు పరిచిన రాళ్లయినా, మీ ఇంట్లో రోలయినా, ఎక్కడి నుంచో పడవ మీదో లారీ మీదో వచ్చినవే. అందుకే పాలెట్, అంటే బొమ్మకి వాడే రంగుల వరస, తెరిచే ముందు ఒక్క సంగతి తేల్చుకో. నువ్వు వేస్తున్న రాయి ఏ ఊరి నుంచి వచ్చింది?

నేనున్న చోట 1847లో మొదలుపెట్టి 1852కి కాటన్ దొర ఆనకట్ట పూర్తి చేశాడు. దానికి రాయి పక్కనున్న కొండ నుంచే తీశారు. ఈ చుట్టుపక్కల దొరికేది ఇసుకరాయి, ఎరుపూ గోధుమా కలిసిన రంగు. గోదావరి దాటి పంగిడి, గౌరీపట్నం వైపు వెళ్తే క్వారీల్లో నల్లరాయి. సుమారు ఆరున్నర కోట్ల ఏళ్ల కిందట పారిన లావా గట్టిపడి ఆ రాయి అయింది. మన ఇళ్ల శ్లాబుల్లో కంకరగా పడుతున్నది చాలావరకు అదే. ఈ రెండింటికీ ఒకే బూడిద రంగు ఎలా సరిపోతుంది చెప్పు?

నేను వాడే రంగులు రాస్తున్నాను, ఒక్కో రంగులో ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఎంతెంతో ఆ వరుసలో, 0 నుంచి 255 దాకా ఉండే అంకెల్లో. నల్లరాయికి ముదురు నీడ 38, 36, 56. ఆ తర్వాత 74, 76, 92. వెలుగు 128, 132, 134. అంచు మీద మెరుపు 186, 184, 168. నీడలో నీలం ఎక్కువగా ఉంది, మెరుపుకి వచ్చేసరికి అదే నీలం వెనకబడి పసుపు ఛాయ వచ్చింది, గమనించావా? ఎండ పసుపుగా పడుతుంది, ఎండ తగలని వైపు ఆకాశం నీలం పడుతుంది. ఇసుకరాయికీ ఇదే పద్ధతి: 72, 38, 52 నుంచి 128, 66, 54 మీదుగా 182, 110, 70కి, అక్కడి నుంచి 226, 170, 112కి. నాలుగు రంగులు చాలు. ఐదోది కావాలనిపిస్తే పాచి కోసం దాచుకో, అదీ నీటి గీత దగ్గర మాత్రమే. తడిసిన రాయికి కొత్త రంగు అక్కర్లేదు. ప్రతి షేడునూ ఒక మెట్టు కిందికి దించితే తడి వచ్చేస్తుంది.

ఇక గరుకుదనం. 16×16 టైల్‌లో ఉన్నవి 256 పిక్సెల్స్. నువ్వు వాటి మీద నువ్వులు చల్లినట్టు ఒంటరి చుక్కలు చల్లావు. అది ఇసుకకి పనికొస్తుంది, రాయికి పనికిరాదు. రాయంటే ముందు పలకలు. ఎండ పడే పై పలక, పక్క పలక, కింద చీకటి పలక, ఈ మూడూ విడివిడిగా కనపడాలి. చుక్కలు ఒంటరిగా కాకుండా మూడూ నాలుగూ కలిసి గుంపుగా ఉండాలి. నల్లరాయి పగిలితే అంచు పదునుగా ఉంటుంది, కాబట్టి అక్కడ రంగు ఒక్కసారిగా మారాలి. ఇసుకరాయి అంచు అరిగి గుండ్రబడుతుంది, మధ్యలో ఒక షేడ్ వేసి మెత్తబరచు. చుట్టూ చీకటి, నట్టనడుమ వెలుగు మాత్రం ఎప్పుడూ పెట్టకు. దిండులా ఉబ్బినట్టు కనిపిస్తుంది. వెలుగు ఎటు నుంచి వస్తోందో ఒకసారి అనుకున్నాక గేమ్ మొత్తానికీ అదే దిక్కు.

నా మొదటి గేమ్‌లో గోడరాయి టైల్ మీద అందమైన పగులు ఒకటి వేశాను, దాని మీద రెండు రోజులు పనిచేశాను. గోడంతా పరిచి చూస్తే పగుళ్లన్నీ వరసకట్టి, ఎవరో తాడు కట్టినట్టు కనిపించాయి. అప్పటి నుంచి కంటికి కొట్టొచ్చే గుర్తేదీ గోడంతా పరిచే అసలు టైల్‌లో పెట్టను. సాదాగా ఒకటి చేసి, దాన్నే మార్చి ఇంకో మూడు చేస్తాను. పగులుది అరుదుగా వాడతాను. పిక్సెల్ బొమ్మలు గీసే ఏస్‌ప్రైట్ సాఫ్ట్‌వేర్ వాడుతున్నానన్నావు కదా, అందులో గీస్తున్న టైల్‌నే చుట్టూ పరిచి చూపించే టైల్డ్ మోడ్ పెట్టుకుని గీస్తే అతుకు అక్కడికక్కడే తెలుస్తుంది. అది లేకపోతే బొమ్మని 8 పిక్సెల్స్ పక్కకీ, 8 కిందికీ జరిపి, బయటికి పోయిన భాగం అవతలి అంచు నుంచి లోపలికి వచ్చేలా పెట్టి చూడు. అంచులు మధ్యకి వస్తాయి.

ఇంకొకటి, నీ పడవవాడు ఆ రాళ్ల ముందు కనపడటం లేదు. రాళ్లు అతని వెనకుంటాయి కాబట్టి వాటి మెరుపు తగ్గించు, ముదురు నీడ కూడా కాస్త పైకి తీసుకురా. తెరని నలుపు తెలుపు చేసి చూస్తే ఎవరు ముందో ఎవరు వెనకో తేలిపోతుంది.

ఈ ఆదివారం రేవుకి వెళ్లు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి అదే మెట్టుని ఫోన్‌తో తియ్యి, నీళ్లు తగిలే చోటు ఫొటోలో పడాలి. ఆ రెండు ఫొటోలు చూస్తూ ఒకే రాయిని రెండు పాలెట్లతో వెయ్యి. నాకు పంపేటప్పుడు పెద్దది చెయ్యకు, ఉన్న సైజులోనే పంపు.

మీ అమ్మగారికి నమస్కారాలు చెప్పు.