ఎన్నికల్లో ఓడిపోయాక బ్రిటన్ కన్జర్వేటివ్ పార్టీ కొత్త నాయకుణ్ని ఎవరు ఎన్నుకుంటారు?

పార్టీ ఎంపీలు పోటీదారులను వడపోసి ఇద్దరిని మిగులుస్తారు, ఆ ఇద్దరిలో ఒకరిని పార్టీ సభ్యులు ఓటేసి ఎన్నుకుంటారు. నాయకుడు పార్లమెంటులో రోజూ నడిపించాల్సింది ఎంపీలను కాబట్టి వాళ్ల మద్దతు లేనివారు నెగ్గినా నిలదొక్కుకోలేరు. అలాగని చందా కట్టి ఇంటింటికీ తిరిగే సభ్యులకు మాటే లేకపోతే పార్టీ కింది నుంచి కదలదు.

2024 జులై 4న పార్టీ 121 సీట్లకు పడిపోయింది. పార్టీ నాయకత్వం నుంచి తప్పుకుంటానని అప్పటి నాయకుడు రిషి సునాక్ మర్నాడే చెప్పినా, వారసులు వచ్చేదాకా ఆ పదవిలోనే ఉన్నారు. ఆరుగురు పోటీ పడ్డారు. ఎంపీలు రహస్య ఓటింగులో విడతకొకరి చొప్పున, అందరికంటే తక్కువ ఓట్లు వచ్చినవారిని తీసేస్తూ వచ్చారు. అంచనాలు తప్పేది ఇక్కడే: అక్టోబరు 8న 39 ఓట్లతో ముందున్న జేమ్స్ క్లెవర్లీ మర్నాడు 37తో పోటీలోంచే పోయారు. కెమీ బేడనాక్‌కు 42, రాబర్ట్ జెన్రిక్‌కు 41 వచ్చాయి. సభ్యుల ఓటింగులో బేడనాక్ 53,806 ఓట్లతో, 41,388 తెచ్చుకున్న జెన్రిక్‌పై నెగ్గారు. ఫలితం నవంబరు 2న వచ్చింది, అంటే దాదాపు నాలుగు నెలలు పట్టింది.

ఓడిన నాయకుడు చట్టప్రకారం దిగిపోవాల్సిందేనని చాలామంది అనుకుంటారు. అలాంటి చట్టమేదీ లేదు. 1974లో రెండు ఎన్నికలు ఓడినా అప్పటి పార్టీ నాయకుడు ఎడ్వర్డ్ హీత్ కుర్చీ వదల్లేదు. 1975లో ఎంపీల తొలి విడత ఓటింగులో మార్గరెట్ థాచర్ కంటే వెనకబడ్డాకే తప్పుకున్నారు.