కొత్త మేనేజరూ, నీ కథా

చి. చెల్లెమ్మకు ఆశీస్సులు.

గుణుపురం నుంచి నువ్వు పంపిన కథ రెండుసార్లు చదివాను. మీ బ్యాంకుకి కొత్త మేనేజర్ వచ్చి నిండా నెల కాలేదు, అప్పుడే నీ కథలో ఆయన రాక్షసుడైపోయారు. అంత తొందర వద్దమ్మా. కథకీ మంచిది కాదు, ఉద్యోగానికీ మంచిది కాదు.

ముందు ఆయన్ని గమనించు. పొద్దున్న రాగానే ఏ రిజిస్టర్ అడుగుతున్నారు, ఏ మాటకి ముఖం మారుతోంది, ఎవరు చెబితే వింటున్నారు. మా పర్లాకిమిడిలో టీచరుగా పనిచేసిన గిడుగు రామమూర్తి గారు ఇక్కడి కొండల్లో ఉండే సవర గిరిజనుల భాష ఎలా నేర్చుకున్నారు? విని, రాసుకుని, మళ్లీ అడిగి. ఆ భాషకి వ్యాకరణం, నిఘంటువు రాసింది ఆ తర్వాతే. నీకూ ఆ ఓపిక కావాలి.

అలాగని చూస్తూ కూర్చోమనడం లేదు. ఒకరోజు పది నిమిషాలు టైమ్ అడుగు. నీ దగ్గర పెండింగ్ ఏముందో చెప్పు. ఏ రిపోర్ట్ ఏ రోజుకి, ఎలా కావాలో ఆయన నోటితోనే చెప్పించుకో. "పాత సార్ ఇలా చేయించేవారండీ" అన్న మాట మాత్రం రానివ్వకు. ఏ కొత్త మనిషికైనా చిర్రెత్తుకొస్తుంది.

ఇంకోటి, మన సరిహద్దు ఊళ్ల చిక్కు. 1936లో ఒడిశా ఏర్పడి మనం అందులో చేరాక ఇంట్లో తెలుగు, బయట ఒడియా మనకి అలవాటైపోయింది. కటక్ నుంచి వచ్చిన ఆయనకి తెలుగు ముక్క రాదు. నువ్వూ క్యాషియరూ కౌంటర్ దగ్గర ఏ సినిమా గురించో తెలుగులో అనుకుని నవ్వుతారు. అద్దం అవతల ఆయనకి అది తన గురించే అనిపిస్తుంది. ఆయన ఉన్నప్పుడు ఒడియాలో మాట్లాడండి. తెలుగు ఖాతాదారు వస్తే, అడక్కముందే నువ్వే విషయం ఆయనకి ఒడియాలో చెప్పు. నమ్మకం అలాగే కుదురుతుంది.

అవమానిస్తే మటుకు ఓర్చుకోకు. తేదీతో సహా రాసిపెట్టుకుని పైవాళ్లకి చెప్పు.

ఇక కథ. క్యాష్‌లో వంద రూపాయలు తేడా వచ్చిన సాయంత్రం, లెక్క తేలేదాకా ఆయన టీ కూడా ముట్టకుండా నీ పక్కనే నిలబడి నోట్లు లెక్కపెట్టారని ఒక్క వాక్యంలో దాటేశావు. కథంతా అక్కడే ఉంది! ఆయనకి ఆ భయం ఎక్కడిది? మునుపటి బ్రాంచిలో ఏం జరిగింది? చనువు కుదిరాక అడుగు, చెప్పినా చెబుతారు. మార్చి క్లోజింగ్ టెన్షన్ తీరాక ఆ సాయంత్రం ఒక్కటే నాలుగు పేజీలు రాసి పంపు. పేరు, ఊరు మార్చడం మర్చిపోకు. రేపు పొద్దున్న మళ్లీ ఆయన దగ్గరే పనిచేయాలి కదా.

ఇట్లు,
నీ అన్నయ్య,
పర్లాకిమిడి