మా నాయనమ్మ బడిదారి పాత మ్యాపులో దొరికింది

"పాత టోపోగ్రాఫిక్ మ్యాపులు చూస్తే కుటుంబ చరిత్ర ఏమైనా తెలుస్తుందా?" అని అడిగారు. అంటే నేల ఎత్తుపల్లాలు, వాగులు, దారులు చూపించే మ్యాపులు. తప్పకుండా తెలుస్తుంది. పేర్లూ తేదీలూ దొరకవు గానీ, పెద్దవాళ్లు చెప్పిన మాటల వెనక ఉన్న కారణాలు దొరుకుతాయి. నాకైతే అవే ముఖ్యం.

మా నాయనమ్మ చిన్నప్పుడు కొండ దాటి బడికి వెళ్లేదట. "పోయేటప్పుడు గంట పట్టేది" అనేది. ఇప్పుడు రోడ్డు కొండను చుట్టుకుని పోతుంది. ఉపగ్రహ చిత్రంలో చూస్తే కొండంతా చెట్లే, దారి జాడే లేదు. ఆవిడ కాస్త పెంచి చెబుతోందనే ఇంట్లో అందరం అనుకున్నాం.

చాలా ఏళ్లకు, మైలుకు అంగుళం చొప్పున గీసిన పాత షీటు ఒకటి నా చేతికొచ్చింది. అందులో వాగు పక్కనుంచి కొండ మీదికి సన్నటి తెగిన గీత ఉంది. కాలిబాట! దాని వంపుల వెంట దారం పరిచి కొలిస్తే 2 అంగుళాలు, అంటే 2 మైళ్లు. పైకి చేరేలోపు 9 కాంటూర్ గీతలు (ఒకే ఎత్తులో ఉన్న చోట్లను కలిపే గీతలు) దాటుతోంది. గీతకూ గీతకూ 50 అడుగుల తేడా కాబట్టి 450 అడుగుల ఎక్కుడు. కొండదారుల్లో నడిచేవాళ్లకు స్కాట్లాండ్ పర్వతారోహకుడు నెయిస్మిత్ 1892లో ఒక లెక్క చెప్పాడు: గంటకు 3 మైళ్ల నడక, పైకెక్కే ప్రతి 2,000 అడుగులకు ఇంకో గంట. ఆ ప్రకారం దాదాపు 54 నిమిషాలు. చిన్నపిల్ల కాళ్లకు గంట. నాయనమ్మ ఒక్క నిమిషం కూడా పెంచి చెప్పలేదు.

ఒక్క విషయంలో మాత్రం నాకు చాలా బాధ. ఈ షీట్లు స్కాన్ చేసేటప్పుడు కొన్నిసార్లు అంచులు కత్తిరించేస్తారు. సర్వే ఏ సంవత్సరం చేశారో రాసి ఉండేది అక్కడే! పాత సర్వేనే ఏళ్ల తర్వాత మళ్లీ అచ్చు వేస్తుంటారు, కాబట్టి అచ్చు సంవత్సరం చూస్తే సరిపోదు. అంచు లేకపోతే మ్యాపులో కనబడే ఇల్లు తాత కాలంలో ఉందో, ముత్తాత కాలానిదో ఎలా చెప్పగలం?

షీటు దొరికేసరికి నాయనమ్మ లేదు. ఆమె చెల్లెలి దగ్గరికి పట్టుకెళ్లాను. ఆ గీతల సంగతి చిన్న నాయనమ్మకు తెలియదు. "సగం ఎక్కాక కాస్త చదును ఉండేది, సంచులు దించి కూర్చునేవాళ్లం" అంది. చూస్తే ఐదో గీతకూ ఆరో గీతకూ మధ్య ఎడం మిగతాచోట్లకు మూడింతలుంది. గీతలు ఎడంగా ఉన్నాయంటే అక్కడ వాలు తక్కువ. ఆ చోట వేలు పెట్టి చూపించాను. చాలాసేపు అక్కడే చూసి, "ఇది గీసినవాళ్లు మా దారిన నడిచారా నాయనా?" అని అడిగింది.