పోలిక వేరు, చుట్టరికం వేరు

తమ్మీ,

నీ వ్యాసం అందింది. వాక్యం నడక బాగుంది. కానీ రెండో పేజీలో "నల్లా అనే మాట నల్లని ఇనుప గొట్టాల నుంచి పుట్టింది, మా నల్లగొండ పేరులో ఉన్నదీ అదే" అన్నచోట నా చదువు ఆగిపోయింది. పుస్తకం ఎవరు వేస్తారు, ముందుమాట ఎవరిని అడగాలి అన్నవాటి జోలికి ఇప్పుడు పోను. ముందు ఈ వాక్యం సంగతి తేలాలి.

"పొద్దున నల్లా వచ్చిందా?" అని మనం అడిగే నల్లా ఉర్దూ, హిందీల నుంచి వచ్చింది. అక్కడ నల్ అంటే గొట్టం. దాని వెనక సంస్కృత నల ఉంది, అంటే రెల్లు కాడ. పేరు తెచ్చింది లోపలి డొల్లతనం, పైరంగు కాదు. నల్లగొండలోని నల్ల మన సొంత మాట, నలుపు దాని ఇంటిదే. ఈ రెంటికీ మధ్య ఉన్న గోడ చివరి దీర్ఘం ఒక్కటే. నువ్వు దాన్ని ఒకచోట పెట్టి మూడుచోట్ల వదిలేశావు. నల్లా నీళ్ళు బిందెలో పడతాయి, నల్ల నీళ్ళు మోరీలో పారుతాయి. ఇంత తేడా ఉన్నచోట చెయ్యి జారకూడదు.

ఇక నీ జపాను నీరు. అక్కడ నిరు అంటే ఉడికించడం, ఉడకాలంటే నీళ్ళు కావాలి, కాబట్టి రెండూ ఒకటే అన్నావు. మాటను ముందు విరిచి చూడాలి. ఈ జపాను క్రియకు చివరి రు తోక మాత్రమే. మర్యాదగా "ఉడికిస్తాను" అంటే నిమసు, "ఉడికించను" అంటే నినై. తోక పోతే మిగిలింది ని. మన నీరులో రాలేది చివరి ఉకారమే, తమిళంలో అది నీర్. ఒకవైపు ని, ఇంకోవైపు నీర్. పోలిక అక్కడే తెగిపోయింది.

ఇట్లాంటివి ఇన్ని ఎందుకు దొరుకుతాయో లెక్క వేసి చూడు. ఒక భాషలో 15 హల్లులు, 5 అచ్చులు ఉన్నాయనుకో. గుణింతం వేస్తే 75 అక్షరాలు. రెండక్షరాల మాటలకు 75ను 75తో హెచ్చిస్తే 5,625 ఆకారాలే. ప్రతి భాషా తన చిన్న మాటలను ఇంచుమించు ఇంత జాగలోనే సర్దుకోవాలి. ఒకదానికొకటి తగలకుండా ఎట్లా ఉంటాయి? ఫిన్లండు వాళ్ళకు కల అంటే చేప, పూ అంటే చెట్టు. స్వాహిలీలో కాక అంటే అన్న, దాదా అంటే అక్కచెల్లెలు. అర్థం కూడా కలిస్తే చుట్టాలే కదా అంటావేమో, కాదు. మన నోట ఉన్న బద్నాంలోని ఫారసీ బద్, ఇంగ్లిషు బ్యాడ్, రెండూ చెడే. ఫారసీ మాటను వెనక్కి, పహ్లవీ అనే పాత ఫారసీ దాకా తీసుకుపోతే వద్ అని కనిపిస్తుంది. ఆ బ తర్వాత వచ్చి చేరింది. పాతకు పోయినకొద్దీ చుట్టాలు దగ్గరవ్వాలి, ఇవి దూరమయ్యాయి.

ఆదివారం పేజీలో మాటల పుట్టుక మీద శీర్షికలు నడిపే సంపాదకుల మీద నాకు కోపం ఉంది. పోలిక దొరికితే చాలు, అచ్చు వేస్తారు. పాత రూపం చూపించి వివరిస్తే జాగ లేదని కోస్తారు, కోసేటప్పుడు దీర్ఘాలు కూడా పోతాయి. నీ తరం ఆ పేజీలు చదివే రాయడం నేర్చుకుంటోంది, నా బాధ అదీ.

నువ్వు నిఘంటువు దగ్గర కూర్చో. తెలుగుకు బ్రౌను (1852), శబ్దరత్నాకరం (1885), ఉర్దూకు ప్లాట్స్ (1884), ద్రావిడ భాషలన్నిటికీ బరో, ఎమెనోల నిఘంటువు, అందులోనూ 1984 నాటి రెండో కూర్పు. దొరికిన పాత రూపం రాసుకుని, పక్క భాషల రూపాలు దాని కింద పేర్చు. ఒకే మార్పు నాలుగైదు మాటల్లో మళ్ళీ మళ్ళీ రావాలి. ఒక్క మాటలోనే వస్తే దాన్ని వదిలెయ్.

మక్తల్ దాటి, కృష్ణ దాటి రాయచూరు పోతే చాయ్ దుకాణంలో హాలు అంటే పాలు. మన పెళ్ళిళ్ళ ఫంక్షన్ హాలు ఇంగ్లిషుది. రాతలో ఒక్క గీత తేడా లేదు, సంబంధమూ లేదు. మనం బడిలో నేర్చిన హల్లు సంస్కృతానిది, వాళ్ళ హల్లు నోట్లో పన్ను. అదే పాలు, హాలు మాత్రం తోబుట్టువులు. పులి అక్కడ హులి, పువ్వు హూవు, పది హత్తు. పాత కన్నడలో మాట మొదట ఉన్న ప రానురాను హ అయింది, అందుకే వరస తప్పడం లేదు. ఇంకో వరస, మన చ అక్కడ క: చెరువు కెరె, చెవి కివి, చెయ్యి కై. వీటిని విడివిడిగా చూస్తే నీ కంటికి ఆనవు, వరసలో పెడితేనే చుట్టరికం బయటపడుతుంది.

నల్లా పేరా, జపాను పేరా తీసెయ్. హాలుతో మొదలుపెట్టు. దానికన్నా ముందు రాయచూరు బస్సెక్కి, ప పోయి హ వచ్చిన మాటలు ఇంకో పది వాళ్ళ నోట విని, దీర్ఘాలతో సహా విన్నది విన్నట్టు రాసుకుని నాకు పంపు.

నీ అన్న