దూలానికి తల తగిలే చోట

తిరుపతి,
ఆదివారం.

నాయనా,

నీ వ్యాసం అంది పది రోజులైంది. జవాబు ఆలస్యమైందని నొచ్చుకోకు. రెండుసార్లు ఊరికే చదివాను. మూడోసారి సోల్డరింగ్ ఐరన్ పక్కన పెట్టుకుని చదివాను. నువ్వు రాసిన బ్యాటరీ గిటార్ ఆంప్లిఫయర్‌ను నువ్వు చెప్పినట్టే చేసి చూద్దామని భోజనాల బల్ల ఆక్రమించాను. వారం రోజులుగా ఇంట్లో అందరూ కింద కూర్చునే తింటున్నారు.

నన్ను మేడం అన్నావు. పాలిటెక్నిక్‌లో పాతికేళ్లు ప్రాక్టికల్స్ చేయించినదాన్ని, ఆ పిలుపు నాకు అలవాటే. ‘మొహమాటం లేకుండా చెప్పండి’ అని కూడా రాశావు. ఆ మాట మీద ఉండు.

ముందు ఆ మొదటి పేజీన్నర కొట్టేయి. ‘సంగీతం విశ్వభాష’ అని ఎత్తుకున్నావు. అక్కడి నుంచి విద్యుత్తు పుట్టుక, దాని గొప్పతనం. నువ్వు చిత్తూరు చేరేసరికి ఆరో పేరా వచ్చింది. ఫోన్‌లో నాతో అన్నదేమిటి? రాత్రి పదింటికి గిటార్‌ను హోమ్ థియేటర్‌కు తగిలిస్తే గుయ్యిమని హమ్ వచ్చిందనీ, కింది వాటావాళ్లు పైకొచ్చి తలుపు కొట్టారనీ, మీ నాయన ‘నీ గదిలో నీకు మాత్రం వినపడేది ఏదన్నా చేసుకో’ అన్నాడనీ చెప్పావు. వ్యాసం అక్కడ మొదలవ్వాలి. తలుపు కొట్టిన చప్పుడు వినిపిస్తే చాలు, విశ్వభాష సంగతి పాఠకుడు అడగడు.

మాటల దగ్గరా ఇదే. నిరోధకం, వర్ధకం అని రాశావు. పాఠ్యపుస్తకాల్లో ఉన్న మాటలే, తప్పని అనను. కానీ నీ వ్యాసం చదివినవాడు పరీక్షకు పోడు, కొట్టుకు పోతాడు. ఊళ్లో ఏ ఎలక్ట్రానిక్స్ కొట్లోనైనా ‘పది ఓమ్‌ల నిరోధకం ఇవ్వన్నా’ అని అడిగి చూడు. నవ్వి, మందుల షాపుకు దారి చూపిస్తాడు. రెసిస్టెన్స్ అను. కెపాసిటర్ అన్నా కండెన్సర్ అన్నా ఇస్తారు. ఒకటి ఎంచుకుని చివరిదాకా అదే వాడు. నేనూ ఒకప్పుడు ‘ధ్వనివర్ధక యంత్రం’ అని రాసి మురిసిపోయినదాన్నే, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నా.

ఇక అసలు చోటు. ఎల్ఎమ్386 ఐసీ (ధ్వని సంకేతాన్ని పెంచే చిప్) గురించి నువ్వు రాసింది ఒకే ఒక్క వాక్యం: ‘దీని గెయిన్‌ను 20 నుంచి 200 వరకు మార్చుకోవచ్చు.’ ఎన్ని రెట్లు పెంచుతుందో అదే గెయిన్, ఆ ముక్క ఐసీ కంపెనీవాళ్లు ఇచ్చే డేటాషీట్‌లోనే ఉంది. నువ్వు చెప్పాల్సింది దాని తర్వాత మొదలవుతుంది. పాఠకుడి ముందు కూర్చుని లెక్క వేసి చూపించు. తీగను మామూలుగా మీటితే పికప్ (తీగ కదలికను కరెంటుగా మార్చే భాగం) నుంచి ఓ 100 మిల్లీవోల్టులు వచ్చాయనుకుందాం. ఐసీ 1, 8 కాళ్ల (పిన్నుల) మధ్య ఏమీ పెట్టకపోతే ఐసీ దాన్ని 20 రెట్లు చేస్తుంది. అంటే 2 వోల్టులు. ఇబ్బంది లేదు. అదే రెండు కాళ్ల మధ్య 10 మైక్రోఫారడ్ కండెన్సర్ పెడితే 200 రెట్లు, అంటే 20 వోల్టులు. మన దగ్గరున్నది 9 వోల్టుల బ్యాటరీ. అందులోనూ 8 ఓమ్‌ల స్పీకర్‌ను ఆడించేటప్పుడు పైకి మూడున్నర, కిందికి మూడున్నర వోల్టులు దక్కితే గొప్ప. మరి మిగతాది ఎక్కడికి పోయినట్టు?

ఆరడుగుల మనిషి పాత మట్టిమిద్దెలో దిగ్గున లేచి నిలబడితే నెత్తి దూలానికి తగులుతుంది. ఇక్కడా అంతే. అల పైకి లేవబోయి బ్యాటరీ అనే దూలానికి తగిలి, శిఖరం తెగి, బల్లపరుపుగా అవుతుంది. అలా తెగినప్పుడే అసలు స్వరంలో లేని హార్మోనిక్స్ (దాని రెండింతలు, మూడింతల పై ధ్వనులు) పుట్టుకొస్తాయి. గిటార్ గొంతుకు బొంగురూ గరగరా వస్తాయి. పాటలు శుభ్రంగా వినిపించడానికి ఆంప్లిఫయర్ చేసేవాళ్లు దీన్ని తప్పించడానికి నానా తంటాలు పడతారు. గిటార్ వాళ్లేమో దీనికోసమే పెడల్స్ కొంటారు. తమాషా ఏమిటంటే ఈ సంగతి నీకు తెలుసు. ‘టెన్ మైక్రో పెట్టేసరికి రాక్ సౌండ్ వచ్చేసింది మేడం’ అని ఫోన్‌లో కేక వేశావు కదా. వ్యాసమంతా వెతికాను, ఆ కేక ఎక్కడా లేదు. దానికి బదులు ‘అత్యద్భుతమైన నాదం’ అని ఉంది.

అత్యద్భుతం, అనిర్వచనీయం లాంటివి ఎనిమిది లెక్కపెట్టాను. అన్నీ తీసేయి. తాళ్లపాకవారి సంకీర్తనలను రాగిరేకుల మీద చెక్కించి తిరుమల గుడిలో ఒక అరలో భద్రం చేశారని నీకు తెలిసిందే. చెక్కేవాడు ఒక్కో అక్షరానికి ఉలి ఎత్తాలి, తప్పుపోతే చెరిపేసే వీలు లేదు. మన బోర్డు మీదున్నదీ రాగే. అక్కర్లేని రాగిని కరిగించడానికి వాడే ఫెర్రిక్ క్లోరైడ్ తినేసిన రాగి తిరిగి రాదు. బోర్డు కడుగుతుంటే నాకు ఇది తోచింది. నీ వ్యాసంలో పెట్టకు, ఈ పోలిక నేను ఎక్కడో వాడుకుంటాను.

నీ బొమ్మ దగ్గర నాకు ఒక సాయంత్రం పోయింది. కాళ్ల నంబర్లు మాటల్లో పైనుంచి చూసినట్టు చెప్పావు. బొమ్మ మాత్రం బోర్డు అడుగు నుంచి, టంకం పెట్టే వైపు నుంచి గీశావు. ఆ సంగతి ఎక్కడా రాయలేదు. 6వ కాలికి పోవాల్సిన ప్లస్ 3వ కాలికి పోయింది, ఇన్‌పుట్‌కు! స్పీకర్ నోరు మెదపలేదు. ఇన్నేళ్లు పాఠాలు చెప్పినదానివి, ఆ మాత్రం తెలియలేదా అంటావేమో. నీ వ్యాసంలో ఉన్నదే చేయాలి, నాకు తెలిసింది వాడకూడదు అని పంతం పట్టాను. నీకు ఫోన్ చేస్తే ఏమన్నావో గుర్తుందా? ‘నాకూ ఫస్టు అట్లే అయింది మేడం, రెండు ఐసీలు పోయినాయి.’ మరి రాయలేదేం? పరువు తక్కువనుకున్నావా? రెండు ఐసీలు పోగొట్టుకుని నువ్వు నేర్చినదానికి రెండు వాక్యాలు చాలు. ఐసీ గాడి ఎడమవైపు ఉండేలా పైనుంచి చూస్తే కింది వరసలో ఎడమ చివరిది 1వ కాలు, అక్కడి నుంచి గడియారం ముల్లు తిరిగే దిక్కుకు ఎదురుగా లెక్కపెట్టుకోవాలి. ఐసీని నేరుగా టంకం పెట్టకుండా ఎనిమిది కాళ్ల బేస్ పెడితే, పొరపాటు జరిగినా ఊడదీసి ఇంకోటి పెట్టుకోవచ్చు.

ఔట్‌పుట్ దగ్గర 10 ఓమ్‌ల రెసిస్టెన్స్, 0.05 మైక్రోఫారడ్ కండెన్సర్ గురించి ‘ఉంటే మంచిది’ అన్నావు. నేను లేకుండా చూశాను. గెయిన్ 200లో ఒకటే కీచు. ఇన్‌పుట్ తీగ స్పీకర్ తీగ పక్కకు వచ్చిందంటే మరీ ఎక్కువ. ఆ రెండూ పెట్టి, 6వ కాలి దగ్గర 100 మైక్రోఫారడ్ ఒకటి వేసి, తీగలు ఎడంగా జరిపితే ఊరుకుంది. నిజం చెప్పు, నువ్వు తీసేసి చూశావా, ఎక్కడో చదివి రాశావా? చూడనిదాని గురించి ‘ఉంటే మంచిది’ అనకు.

ఇలాంటిదే ఇంకొకటి ఉంది, దీనికి మాత్రం నిన్ను తిట్టాలనిపించింది. వాల్యూమ్ కంట్రోల్ 10 కె (పదివేల ఓమ్‌లు) అని రాశావు. డేటాషీట్ బొమ్మలో ఉన్నది అలాగే దించావు. ఆ బొమ్మ గిటార్ కోసం గీసింది కాదు. గిటార్ పికప్ అంటే వెంట్రుకలాంటి తీగను వేల చుట్లు చుట్టిన కాయిల్. దానికి 10 కె భారం తగిలిస్తే సన్నని ధ్వనులన్నీ చచ్చిపోతాయి. మా పై వాటాలో అద్దెకున్న పిల్లాడిని గిటార్ తెమ్మని పిలిచాను. రెండు కార్డ్స్ (కలిపి మీటే స్వరాలు) వాయించి, ‘ఆంటీ, దుప్పటి కప్పి పాడినట్టుంది’ అన్నాడు. ఎలక్ట్రానిక్స్ ఒక్క ముక్క రానివాడు చెప్పిన ఆ మాట, నేను క్లాసులో నల్లబోర్డు మీద రాసే ఇంపీడెన్స్ పాఠం కంటే నయం. ముందు ఒక ఎఫ్ఈటీ (పికప్ మీద భారం వేయని ట్రాన్సిస్టర్) వేసి, దాని గేట్‌కు, అంటే ఇన్‌పుట్ కాలికి, 1 మెగా ఓమ్ పెట్టి, వాల్యూమ్‌ను దాని వెనక్కి మార్చాను. దుప్పటి తొలగింది. నువ్వూ చేసి చూడు. ముందు ఎలా ఉంది, తర్వాత ఎలా ఉంది అని చెవితో విన్నది రాయి.

నీ ఫోటో చూశాను. స్పీకర్ బిగించింది మామిడికాయల చెక్కపెట్టెకు! వ్యాసంలో ఏమో ‘తగిన పరిమాణం గల పెట్టె’ అట. చిత్తూరువాడివై ఉండి తోతాపురి పెట్టెను దాచిపెడతావా? ఒట్టి స్పీకర్‌ను బల్ల మీద పెడితే గొంతు ఎందుకు పీలగా వస్తుందో కూడా అక్కడే చెప్పు. కోన్ ముందుకు గాలిని నెడుతుంటే వెనక లాగుతుంది, రెండూ అంచు దగ్గర కలిసి, లావు ధ్వనులు ఒకదాన్నొకటి చంపుకుంటాయి. నేను అప్పడాల డబ్బా మూతకు కంత చేసి బిగించాను. తేడా తెలిసింది. మూడంగుళాల స్పీకర్‌లో లావు తీగ 82 హెర్ట్జ్ ఎలాగూ సరిగా పలకదు. దాని పై హార్మోనిక్స్ విని మన చెవే మిగతాది పూరించుకుంటుంది.

మామూలు టంకంలో సీసం ఉంటుంది, చేతులు కడుక్కోమని ఒక్క ముక్క చేర్చు. నీ హెచ్చరికల పేజీ మొత్తానికి అది చాలు. 9 వోల్టులకు ఎవరికీ షాక్ కొట్టదు.

నచ్చిందీ చెప్పాలి. స్టీరియో జాక్ కిటుకు గురించి రాసిన పేరా ముట్టుకోకు. బ్యాటరీ మైనస్‌ను జాక్‌లోని రింగ్‌కు కలిపితే, గిటార్ తీగ (కేబుల్) దూర్చగానే దాని మోనో పిన్ రింగ్‌ను గ్రౌండ్‌కు కలిపి ఆంప్లిఫయర్‌ను ఆన్ చేస్తుందని, వేరే స్విచ్ అక్కర్లేదని ఎంత తేటగా చెప్పావు! ‘తీగ పీకితే బ్యాటరీ పడుకుంటుంది’ అన్న వాక్యం దగ్గర నేను కాసేపు ఆగాను. అది డేటాషీట్‌లో లేదు, ఇంకెవరి దగ్గరా లేదు.

దాని కిందే ‘బ్యాటరీ చాలా కాలం వస్తుంది’ అని రాసి పాడుచేశావు. చాలా అంటే ఎంత? ఊరికే ఉన్నా ఈ ఐసీ సుమారు 4 మిల్లీఆంపియర్లు తాగుతుంది. మంచి ఆల్కలైన్ 9 వోల్ట్ బ్యాటరీలో 500 మిల్లీఆంపియర్ అవర్స్ ఉన్నాయనుకుంటే, తీగ పీకడం మరిచిపోయిన గిటార్ అయిదు రోజుల్లో దాన్ని తినేస్తుంది. గట్టిగా వాయిస్తే లెక్క గంటల్లోకి వస్తుంది. ఎన్ని గంటలో వాయించి, గడియారం చూసి రాయాలి. నేనే కొలుద్దామనుకున్నా. కానీ పై వాటా పిల్లాడు ‘ఒక్క గంట ఆంటీ’ అని గురువారం డబ్బాతో సహా పైకి పట్టుకుపోయాడు. ఇప్పటికీ కిందికి తేలేదు. రాత్రి పదిన్నర దాటాక సన్నగా వినపడుతోంది. కాబట్టి కొలిచే పని నీదే.

తిరగరాసింది పంపు.

నీ మేడం